విమర్శకు కవి చనిపోతాడా?

ఆంగ్లకవి జాన్ కీట్స్ పత్రికల విమర్శకు కుంగి మరణించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది కట్టుకథే. 1821లో, 25 ఏళ్ల వయసులో, ఆయన ప్రాణం తీసింది క్షయవ్యాధి.

1818లో ఆయన ‘ఎండిమియన్’ కావ్యాన్ని పేరున్న పత్రికలు చీల్చి చెండాడాయి. వైద్యం చదివిన కీట్స్‌ను, కవిత్వం మాని మందుల కొట్టుకు పొమ్మని ఒక పత్రిక వెక్కిరించింది. ఇది రచయితను గురించిన మాట, రచనను గురించినది కాదు. ఇలాంటి దానిని వినీ విననట్లు వదిలేయడమే మేలు. కావ్యంలో లోపాలున్నాయంటే మాత్రం వినాలి. మీ రచనను ఎవరైనా తప్పుపట్టినా ముందు ఈ తేడా చూడండి. ఆ లోపాలను కీట్స్ పీఠికలోనే ఒప్పుకున్నాడు. పత్రికల నిందకంటె ఆత్మవిమర్శే తనను ఎక్కువ నొప్పించిందని ప్రచురణకర్తకు రాశాడు. పత్రికలకు జవాబులు రాస్తూ కూర్చోలేదు. 1819 వసంతంలో నైటింగేల్ పక్షిపై గీతం రాశాడు.