సుంకపు మెట్టూ, రొయ్యల చెరువూ

సుంకరి అనే మాట సండేస్కూలు రోజుల నుంచీ మనకు తెలుసు. సుంకపు మెట్టు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల దగ్గర వసూలు చేసేవాడు. ఆ మాట ఇన్నేళ్ల తరువాత మన ఇళ్లలో మళ్లీ ఇంత గట్టిగా వినబడుతుందని ఎవరూ అనుకోలేదు. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ వైట్‌హౌస్ తోటలో ఒక పెద్ద అట్ట పట్టుకుని దేశాల పేర్లు, వాటి పక్కన శాతాలు చూపించారు. ఇండియా పక్కన 26 అని ఉంది. ఇక్కడ గోదావరి పాయల మధ్య, చెరువుగట్ల మీద, ఆ అంకె రోజుల్లోనే కిలో రొయ్య మీద తగ్గిన రూపాయలుగా మారిపోయింది. అప్పటికి ఆ సుంకం కింద ఒక్క డాలరు కూడా ఎవరూ కట్టలేదు. వారం తిరిగేసరికి దాన్ని 90 రోజులు వాయిదా వేశారు. చెరువులో పంటను వాయిదా వెయ్యలేం గదా. కౌంటుకొచ్చిన రొయ్యను పట్టాలి, ఆ రోజు ఏజెంటు చెప్పిన రేటుకి తూయాలి.

జనాకర్షక రాజకీయం అనగానే మనవైపు ఉచిత పథకాలు గుర్తొస్తాయి. ఈ వ్యాసంలో మేం మాట్లాడుతున్నది వాటి గురించి కాదు. దేశంలో ఉన్నవాళ్లని ‘అసలు ప్రజలు’, ‘వాళ్లని దోచుకునేవాళ్లు’ అని రెండుగా చీల్చి, ఆ అసలు ప్రజలకు గొంతు నేనొక్కణ్ణే అని చెప్పే రాజకీయం గురించి. దీనికి ఎప్పుడూ ఒక దొంగ కావాలి. ఆ దొంగ దేశం లోపలివాడైతే మైనారిటీ అవుతాడు, బయటివాడైతే పరాయి దేశం అవుతుంది. మొదటి రకం సంగతి మనకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు, అనుభవించి ఉన్నాం. రెండో రకమే ఇప్పుడు మన కూటిదాకా వచ్చింది.

ఆ 26 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. 2024లో అమెరికా మన దగ్గర సుమారు 87 బిలియన్ డాలర్ల సరుకు కొంది, మనకు సుమారు 42 బిలియన్ల సరుకు అమ్మింది. తేడా 45 బిలియన్ల పైచిలుకు. ఆ తేడాని మొత్తం కొనుగోళ్లతో భాగిస్తే 52 శాతం వస్తుంది. ఇండియా మన మీద 52 శాతం పన్ను వేస్తోంది అన్నారు. దయతలిచి సగమే వేస్తున్నాం, 26 అన్నారు. మన ప్రభుత్వం ఏ వస్తువు మీద ఎంత సుంకం వేస్తోందో ఆ లెక్కలో ఎక్కడా లేదు. కిరాణా కొట్టులో మనం నెలకు మూడు వేల సరుకు కొంటాం, కొట్టువాడు మన దగ్గర ఏమీ కొనడు, కాబట్టి వాడు మనల్ని మూడు వేలకు దోచాడు అన్నట్టుంటుంది ఈ తర్కం. పైగా అమెరికా మిగులు సంపాదించే సేవల వ్యాపారాన్ని ఆ లెక్కలోకి రానివ్వనే లేదు.

అయితే ఆ మాట నమ్మి ఓటేసినవాళ్లని వెక్కిరించడం మాకు ఇష్టం లేదు. 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక అమెరికా ఫ్యాక్టరీ ఊళ్లలో లక్షల ఉద్యోగాలు పోయాయి. లాభాలు వాటాదారులకు వెళ్లాయి, తాళం పడిన ఫ్యాక్టరీ ఊరికి మిగిలింది. వాళ్లని పట్టించుకోవాల్సినవాళ్లు ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. ఆ కడుపుమంట నిజం. దాన్ని వాడుకున్నవాళ్లు చూపించిన దొంగ మాత్రం నిజం కాదు. ఒహాయోలో మూతపడిన ఉక్కు కర్మాగారానికీ, తాళ్ళరేవులో రొయ్య వలిచే ఆడమనిషికీ ఏం సంబంధం?

సంబంధం కలిపేశారు. 2025 ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద 25 శాతం, రష్యా దగ్గర చమురు కొంటున్నామన్న కారణంతో ఆగస్టు 27 నుంచి మరో 25 వేశారు. రొయ్య మీద అంతకు ముందే ఉన్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కూడా కలిపితే 58 శాతం దాటింది. అదే రొయ్యను అమ్మే ఈక్వెడార్ మీద ఈ కొత్త సుంకం అప్పట్లో 15 మాత్రమే. 2024-25లో మన దేశం 62 వేల కోట్ల రూపాయలకు పైగా సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో గడ్డకట్టించిన రొయ్యదే సింహభాగం, దాన్ని అందరికంటే ఎక్కువగా కొనేది అమెరికా, పండించడంలో ముందున్నది ఆంధ్ర.

సుంకం ఇండియా కడుతుందని ఆ సభల్లో చప్పట్లు కొట్టించుకున్నారు. నిజానికి ఓడరేవులో డబ్బు కట్టేది అమెరికా దిగుమతిదారు. అతను ఆ బరువులో కొంత తన కొనుగోలుదారు మీదకి, వీలైనంత మన ఎగుమతిదారు మీదకి నెడతాడు. ఎగుమతిదారు ఏజెంటు మీదకి, ఏజెంటు రైతు మీదకి. మేత ధర, కరెంటు బిల్లు, చెరువు కౌలు తగ్గవు కాబట్టి రైతు తరువాతి పంటకు సీడ్ తగ్గిస్తాడు, లేదా చెరువు ఎండగడతాడు. ప్లాంటుకి సరుకు తగ్గుతుంది, షిఫ్టు తగ్గుతుంది. తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడి ప్లాంటు బస్సు ఎక్కే ఆడవాళ్లకి ‘రేపు రానక్కర్లేదు’ అన్న మాటతో ఆ బరువు నేలకు దిగుతుంది. వాళ్లు దాన్ని ఇంకెవరి మీదకీ నెట్టలేరు.

వాళ్లలో ఎక్కువమంది దళిత, మత్స్యకార కుటుంబాలవాళ్లు. ఆదివారం మన పక్కన కూర్చునేవాళ్లు. ఇంకో మాట కూడా చెప్పాలి. మేం ఆక్వాను నెత్తిన పెట్టుకోవడం లేదు. చెరువులు తవ్వాకే డెల్టాలో నాట్ల పని, కోతల పని పోయి, తాగేనీళ్లు ఉప్పెక్కి, ఈ ఆడవాళ్లు మంచుగడ్డల మధ్య నిలబడి చేసే పనికి వచ్చిపడ్డారు. ఆ పని కూడా ఇప్పుడు ఎక్కడో అట్ట మీద రాసిన అంకెకు లోబడిపోయింది. తిరుప్పూరు బనియన్ కంపెనీల్లో, షోలాపూర్ తువ్వాళ్ల మగ్గాల దగ్గర ఉన్న మనవాళ్లు ఇదే కథ వేరే వస్తువుతో చెబుతారు.

మనకంటే దిక్కులేనివాళ్లు కూడా ఉన్నారు. ఆఫ్రికాలో లెసోతో అనే చిన్న కొండల దేశం, జనాభా 23 లక్షలు, దాదాపు అందరూ క్రైస్తవులే. అమెరికాకు జీన్స్ కుట్టి బతుకుతుంది. దాని పేరు ఎవరూ వినలేదని అమెరికా పార్లమెంటు సభలో అధ్యక్షులవారే నవ్వించారు. నెల తిరిగేసరికి దాని మీద 50 శాతం ప్రకటించారు. తరువాత 15కి తగ్గించారు గానీ అప్పటికే ఆర్డర్లు పోయాయి. జులైలో ఆ దేశం యువత నిరుద్యోగం మీద జాతీయ విపత్తు ప్రకటించుకుంది. బ్రెజిల్ సంగతి మరీ విడ్డూరం. అక్కడి మాజీ అధ్యక్షుడు బోల్సొనారో మీద కోర్టు విచారణ ఆపలేదని 50 శాతం వేశారు.

అమెరికా వాడి కాఫీ ధర పెరిగింది. నవంబరు ఎన్నికల్లో జనం ధరల మీద కోపం చూపించారు. అంతే, అదే నెల మధ్యలో కాఫీ, టీ, అరటి, గొడ్డుమాంసం, మసాలా దినుసుల మీద సుంకాలు ఎత్తేశారు. సుంకం వల్ల ధరలు పెరగవని చెప్పినవాళ్లే ఎత్తేశారు. రొయ్య ఆ జాబితాలో లేదు. ఈ రాజకీయం తన ఓటరు పళ్లెం వైపు మాత్రమే చూస్తుంది. తాళ్ళరేవు ఆడమనిషికి అక్కడ ఓటు లేదు.

ఇంతవరకూ చదివి ‘చూశారా, అమెరికా అన్యాయం’ అని మీసం తిప్పితే సగం నిజమే చెప్పినట్టు. 2023 జులై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని రాత్రికి రాత్రి ఆపేసింది. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికలున్నాయి. అమెరికాలో మన తెలుగువాళ్లు సోనామసూరి బస్తాల కోసం క్యూ కట్టిన వీడియోలు చూసి నవ్వుకున్నాం. ప్రపంచంలో అమ్ముడయ్యే బియ్యంలో 40 శాతం దాకా మనదే అని, బియ్యం ధర 15 ఏళ్లలో ఎన్నడూ లేనంతకు పోయిందని, బెనిన్‌లో, సెనెగల్‌లో పేదవాడి కుండ దగ్గర ఏం జరిగిందో మనం ఎంతమందిమి అడిగాం? సెనెగల్‌వాళ్లు తినే నూకల ఎగుమతిని అంతకు ముందు ఏడాది సెప్టెంబరులోనే ఆపారు. ఆ బియ్యం ఎక్కేది ఇక్కడి కాకినాడ రేవులోనే. మన హమాలీలకు పని పోయింది, వాళ్లకు తిండి ఖరీదైంది. 2019లో ఉల్లి ఎగుమతి ఆపేస్తే బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా ఢిల్లీ వచ్చినప్పుడు, ఉల్లి లేకుండా వండమని మా వంటమనిషికి చెప్పానని నవ్వుతూ అన్నారు. ముందుగా ఒక మాట చెప్పి ఉండాల్సిందని కూడా అన్నారు. అక్కడ ఆవిడ నవ్వు వెనక ఉన్నదే ఇవాళ మనం ట్రంప్‌గారితో చెప్పుకోవాలనుకుంటున్న మాట.

యువతతో ఒక విషయం నిర్మొహమాటంగా. ఆ నాయకుణ్ణి దేవుడే లేపాడని చెప్పే అమెరికా బోధకుల వీడియోలు మన యూత్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. తెలుగు సంఘాలకు అమెరికా మిషనరీలు చేసిన మేలు మనం మరువం. ఆ కృతజ్ఞత అక్కడి పార్టీకి బదిలీ కానక్కర్లేదు. సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అన్నప్పుడు, సెలవు మీద ఇంటికొచ్చిన పిల్లలు ఒక్క పూటలో తిరుగు టికెట్లు వెతుక్కున్నారు. మర్నాటికి ‘ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదు’ అని వివరణ వచ్చింది. ఆ వీడియోలు పంపిన గ్రూపుల్లోనే ఆ రాత్రి ప్రార్థన విన్నపాలు కూడా వచ్చాయి.

నవంబరులో కేంద్రం ఎగుమతిదారుల కోసం 25,060 కోట్లతో ఒక మిషన్, మరో 20,000 కోట్లకు రుణ హామీ ప్రకటించింది. మంచిదే. కానీ అది రుణాల రూపంలో, హామీల రూపంలో కంపెనీలకు వెళ్లే సాయం. షిఫ్టు పోయిన మనిషి చేతికి అందులోంచి ఏది వస్తుందో మాకు కనబడలేదు. బీమా ఉండి పని పోయిన కార్మికులకు ఈఎస్‌ఐ కింద 90 రోజుల దాకా సగం కూలి ఇచ్చే అటల్ పథకం ఒకటి ఉంది. అయితే దానికి ఈఎస్‌ఐ నంబరు ఉండాలి, కాంట్రాక్టరు చందా కట్టి ఉండాలి. కాబట్టి ఈ క్రిస్మస్ సెలవుల్లో కేరల్స్‌కి ఇంటింటికీ వెళ్లే యువతకు మా విన్నపం ఇదే: పాట అయ్యాక ఓ పది నిమిషాలు కూర్చోండి. ప్లాంటుకి వెళ్లే అక్కలను, పిన్నులను మూడు సంగతులు అడిగి రాసుకోండి. ఆగస్టు ముందు నెలకు ఎన్ని రోజులు పని ఉండేది, ఇప్పుడు ఎన్ని రోజులు? జీతం చీటీ ఇస్తారా? ఈఎస్‌ఐ నంబరు ఉందా? ఆ కాగితాలు మాకు పంపితే జనవరిలో కార్మిక శాఖ అధికారుల దగ్గరికి కలిసి వెళ్దాం.