గేమ్ కాపీ కొడితే పట్టుకోవాల్సింది ఎవరు.. స్టోరా, పబ్లిషరా, పోలీసులా?

డోర్నకల్: ఇక్కడ పురుగుమందుల షాపు పెట్టాలంటే లైసెన్స్ తప్పనిసరి. మరి అదే మందును ఆన్‌లైన్‌లో అమ్మితే? 2022 నవంబర్‌లో కేంద్రం రూల్స్ మార్చి ఈ-కామర్స్ సైట్లలో అమ్మకానికి ఓకే చెప్పింది. అయితే అమ్మేవాళ్లకు లైసెన్స్ ఉందో లేదో చెక్ చేసే బాధ్యత సైట్‌దే అని తేల్చేసింది. మిర్చి, పత్తి పండించే ఏరియా కాబట్టి ఈ రూల్ విలువ ఇక్కడి రైతులకు వేరే చెప్పక్కర్లేదు. కానీ మొబైల్ గేమ్స్ దగ్గరికొచ్చేసరికి సీన్ మొత్తం రివర్స్.

ఇది బెట్టింగ్ గేమ్స్ గొడవ కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ఇప్పుడు చెప్పేది గేమ్ తయారు చేసేవాళ్ల సమస్య. ఒకరు కష్టపడి చేసిన బొమ్మలు, మ్యూజిక్, కోడ్‌ను ఇంకొకరు పర్మిషన్ లేకుండా వాడుకుని అదే స్టోర్‌లో గేమ్ పెడితే ఎవరు పట్టుకోవాలి?

చట్టం ఏం చెబుతోంది?

ప్రస్తుతానికి ఆ భారం హక్కుదారుడి మీదే ఉంది. ఐటీ చట్టం సెక్షన్ 79 ప్రకారం ప్లే స్టోర్ లాంటి సంస్థలు మధ్యవర్తులు. తప్పు జరుగుతోందని తెలిసినా చర్య తీసుకోకపోతేనే వాటికి చిక్కు. కాపీరైట్ విషయంలో యజమాని నోటీసు ఇస్తే చాలని, దానికి కోర్టు ఆర్డరే అక్కర్లేదని 2016లో మైస్పేస్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

కాపీరైట్ చట్టంలోనూ ఒక దారి ఉంది. రాతపూర్వకంగా కంప్లైంట్ ఇస్తే 36 గంటల్లో ఆ కంటెంట్‌ను ఆపాలి. కానీ అది 21 రోజులకే. ఆలోగా కోర్టు ఆర్డర్ తేకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. లాయర్లున్న పెద్ద కంపెనీకి 21 రోజులు సరిపోతాయేమో. ఒక్కడే కూర్చుని గేమ్ చేసిన కుర్రాడికి లాయర్‌ను వెతుక్కునే లోపే ఆ గడువు అయిపోతుంది.

ఫ్రీ ఫైర్ కథ చూడండి

పెద్ద కంపెనీలకైనా ఇది అంత ఈజీ కాదు. పబ్‌జీ పబ్లిషర్ క్రాఫ్టన్ 2022 జనవరిలో కాలిఫోర్నియా కోర్టుకెళ్లింది. ఫ్రీ ఫైర్ తమ గేమ్‌ను కాపీ కొట్టిందని ఆరోపిస్తూ గరేనాపై కేసు వేసింది. అడిగినా గేమ్‌ను తీసేయలేదంటూ యాపిల్, గూగుల్‌ను కూడా ఆ కేసులోకి లాగింది.

మరుసటి నెలలోనే ఇండియాలో ఫ్రీ ఫైర్ స్టోర్ల నుంచి మాయమైంది. కారణం కాపీరైట్ కాదు. దేశ భద్రత పేరుతో కేంద్రం బ్లాక్ చేసిన 54 యాప్స్‌లో అదీ ఒకటి. అంటే ప్రభుత్వం చెబితే గేమ్ వెంటనే పోతుంది. గేమ్ ఓనర్ చెబితే మాత్రం కోర్టు మెట్లెక్కాలి.

అలాగని స్టోర్లనే జడ్జిలను చేద్దామా?

అదీ కరెక్ట్ కాదు. స్క్రాబ్యులస్ గుర్తుందా? కోల్‌కతా అన్నదమ్ములు చేసిన ఈ పదాల ఆట ఒకప్పుడు ఫేస్‌బుక్‌లో సూపర్ హిట్. స్క్రాబుల్ హక్కుదారుల ఒత్తిడితో 2008 జూలైలో అమెరికా, కెనడాల్లో ఆగిపోయింది. ఇండియాలో మ్యాటెల్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. సెప్టెంబర్‌లో కోర్టు ఇచ్చిన ఉత్తర్వు రెండు రకాలుగా ఉంది. ఆ పేరు వాడటం ట్రేడ్‌మార్క్ ఉల్లంఘనే అంది. కాపీరైట్ వాదనను మాత్రం ఒప్పుకోలేదు. ఆట ఆడే పద్ధతి ఎవరి సొంతమూ కాదన్నది అక్కడి లాజిక్.

జడ్జిలు ఇంత ఆలోచించి చెప్పే విషయాన్ని స్టోర్‌లోని సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే ఏమవుతుంది? పెద్ద కంపెనీ కన్నెర్ర చేసిన ప్రతిసారీ చిన్న గేమ్ ఎగిరిపోతుంది. తప్పు చేయనివాళ్లు కూడా బలవుతారు.

పోలీసుల సంగతేంటి?

కాపీరైట్ ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంది. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ నేరమేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. తెలంగాణ అయితే 2016లోనే మేధో హక్కుల నేరాల కోసం ప్రత్యేక యూనిట్ పెట్టింది. దాని ఫోకస్ మెయిన్‌గా సినిమా పైరసీ మీదే. నేరుగా దొంగతనం చేస్తే పోలీసులు కావాల్సిందే. అయితే స్టోర్‌లోకి వచ్చే ప్రతి గేమ్‌నూ వాళ్లు చూడలేరు, చూడకూడదు కూడా.

మరి ఏం చేయాలి?

పనిని పంచడమే దారి. గేటు దగ్గర చెకింగ్ స్టోర్‌ది. కంప్లైంట్ ఓనర్‌ది. తీర్పు కోర్టుది.

గేటు దగ్గర చెకింగ్ కష్టమేమీ కాదు. ప్లే స్టోర్‌లో అకౌంట్ తెరవాలంటే 25 డాలర్లు కట్టాలి, ఐడీ చూపించాలి. ఎవరు పెడుతున్నారో గూగుల్ చూస్తోంది. వాళ్లకు హక్కుందా లేదా అన్నది మాత్రం కంప్లైంట్ వస్తేనే పట్టించుకుంటోంది. వేరేవాళ్ల బ్రాండ్ వాడుకునే పర్మిషన్ ఉంటే ముందే పేపర్లు పంపే ఫారం కూడా గూగుల్ దగ్గర ఉంది. సినిమా పేరు, హీరో ఫొటో, పాపులర్ గేమ్ పేరు వాడేవాళ్లకు ఆ ఫారం తప్పనిసరి చేస్తే సగం గొడవలు మొదట్లోనే ఆగిపోతాయి. ఫ్రీగా ఏమీ చేయక్కర్లేదు. యాప్‌లో జరిగే అమ్మకాలపై 15 నుంచి 30 శాతం దాకా కమీషన్ తీసుకునే స్టోర్‌కు అంత బాధ్యత ఉండాల్సిందే. మార్కెట్ నడుపుతూ ఫీజు వసూలు చేసేవాళ్లు సరుకు ఎవరిదో అడగరా?

మన కుర్రాళ్లకు ఒక మాట

హైదరాబాద్‌ను గేమింగ్ హబ్ చేస్తామని తెలంగాణ 2016లోనే ఇమేజ్ పాలసీ తెచ్చింది. గేమ్ చేయాలంటే హైదరాబాద్‌లోనే ఉండక్కర్లేదు, ల్యాప్‌టాప్ ఉంటే డోర్నకల్ నుంచైనా చేయొచ్చు. కాపీరైట్ రావాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ 500 రూపాయల ఫీజుతో రిజిస్టర్ చేయిస్తే రేపు గొడవొచ్చినప్పుడు అదే ఆధారం. కోడ్, డిజైన్ ఫైల్స్ డేట్లతో సహా దాచుకోండి. ఇంకో విషయం, కాపీ కొట్టినవాడు ఏ సిటీలో ఉన్నా మీరుండే జిల్లా పరిధిలోనే దావా వేయొచ్చని కాపీరైట్ చట్టం సెక్షన్ 62 చెబుతోంది.

పురుగుమందు డబ్బా అమ్మాలంటే లైసెన్స్ చూడాలని సైట్‌కు చెప్పగలిగిన ప్రభుత్వం, గేమ్ స్టోర్లకూ ఆ మాట చెప్పగలదు. అప్పటిదాకా కాపలా కాసుకోవాల్సింది గేమ్ చేసినవాళ్లే.