తెర మీది డాక్టరు

ఈ వారం కబురు కాస్త మొగమాటపు కబురు. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక గనక ఆగవలసిన చోట ఆగుతాను. మిగిలింది చదువరులు ఊహించుకోగలరు.

డోర్నకల్లు నుంచి భద్రాచలం రోడ్డుకు పోయే రైలు దారిలో మా కారేపల్లి ఒక జంక్షను. ఇల్లెందు వైపు పట్టాలు ఇక్కడే చీలుతాయి. భద్రాచలం రోడ్డంటే రాములవారి గుడి పక్కనే దిగవచ్చుననుకుని వచ్చినవారు కొత్తగూడెంలో దిగి తెల్లమొహం వేస్తారనుకోండి, అది వేరే సంగతి. ఈ దారి పొడుగునా గోడల మీద మీరు చూసే ఉంటారు: ‘రహస్య వ్యాధులు, నరాల బలహీనత, యవ్వనంలో చేసిన పొరపాట్లు’, కింద ఒక లాడ్జి పేరు, గది నంబరు. ఇట్లాంటి ప్రకటనలు కూడదని 1954లోనే చట్టం వచ్చింది. మన గోడలకు చదువు రాదు కాబోలు.

కిందటేడు మిరపకాయలు ఏరే రోజులు. క్లాసులో మనుచరిత్ర చెబుతున్నాను. వరూధిని సౌందర్యం, ఆమె విరహం, ప్రవరుడి నిగ్రహం అన్నీ నలభై నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పి బయటికి వచ్చాను. నా మీద నాకే ముచ్చట వేసింది. వరండాలో ఒక పిల్లవాడు వెనకాలే వచ్చాడు. గూడెం నుంచి సైకిలు మీద వచ్చే కుర్రవాడు, పద్దెనిమిదేళ్లుంటాయి.

“సార్, ఒక్క మాట అడగాలె. ఎవ్వరికీ చెప్పొద్దు” అన్నాడు.

అడిగాడు. నిద్రలో ఒంటికి ఏదో అవుతున్నదట. దాంతో రక్తమంతా పోతున్నదట. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు బైర్లు కమ్మడం. ఆ గోడ మీది లాడ్జి డాక్టరు దగ్గరికి మూడుసార్లు పోయి వచ్చాడు. ఒక్కొక్క మారు పదిహేను వందలు. తల్లి మిరప తోటలో వంగి వంగి తెచ్చిన కూలి అది. పుస్తకాలకని చెప్పి తీసుకున్నాడు.

వరూధిని గురించి నలభై నిమిషాలు మాట్లాడినవాణ్ణి, ఆ పిల్లవాడికి నాలుగు ముక్కలు చెప్పలేకపోయాను. “పెరుగన్నం తిను. రాత్రిళ్లు చన్నీళ్లతో కాళ్లు కడుక్కుని పడుకో” అన్నాను. మా తాత కూడా ఇంతకంటె మెరుగ్గా చెప్పి ఉండును.

ఆ రాత్రి నాకు డాక్టరు సమరం గారు జ్ఞాపకం వచ్చారు.

విజయవాడ గోరా గారి కొడుకు. గోరా గారంటే వృక్షశాస్త్రం మేష్టరు, నాస్తికుడు. ఆ నాస్తికత్వం వల్లనే కాలేజీ ఉద్యోగాలకు నీళ్లు వదులుకున్న మనిషి. 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రాన్ని 1947లో విజయవాడకు తెచ్చారు. పిల్లల పేర్లు కూడా పంచాంగం చూసి పెట్టలేదు. ఉప్పు సత్యాగ్రహం నాటి 1930లో పుట్టినవాడు లవణం, ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడు సమరం, తొమ్మిదో సంతానానికి నౌ. గ్రహణాన్ని గర్భిణులు చూస్తే ఏమీ కాదని నలుగురిలో చూపించిన ఇల్లు అది. నిప్పుల మీద నడవడంలో మహిమ లేదని సమరం గారు తామే నడిచి చూపించారు. అట్లాంటి ఇంట పుట్టి డాక్టరైనవారికి, లోకం చెవిలో మాత్రమే చెప్పుకునే మాటను పైకి అనడం కష్టం కాలేదు కాబోలు.

నా చిన్నతనంలో స్వాతి వారపత్రికలో ఆయన ప్రశ్నలు-జవాబులు వచ్చేవి. మంగలి షాపులో వంతు కోసం కూర్చుని, సీరియలు చదువుతున్నట్టు పట్టుకుని ఆ పేజీ చదివేవాళ్లం. ప్రశ్న అడిగినవాడు ఏ ఊరివాడో ఏమో గాని, ఆ ప్రశ్న నాదే! జవాబులో ఎగతాళి లేదు, నీతిబోధ లేదు. ‘ఇది జబ్బు కాదు, మందు అక్కర లేదు’ అన్నదే వాటిలో చాలా జవాబుల సారాంశం. తరువాత ఆయన టెలివిజను తెర మీదికి కూడా వచ్చారు. ఒకసారి మా ఇంట్లో ఆయన మాట్లాడుతుంటే మా అమ్మ లేచి టీవీ కట్టేయబోయింది. మా నాయనమ్మ మంచం మీది నుంచే, “ఉండనియ్యవే, మంచి మాటే చెబుతాండు గదా” అన్నది. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది గాని టీవీ కట్టలేదు.

నాడి పట్టి చూడని వైద్యం వైద్యమేనా అని దెప్పేవారున్నారు. వారి మాటలో సగం నిజమున్నది. కాని మా కుర్రవాడి వంటివాడికి కావలసింది మొదట నాడి చూసే చేయి కాదు, తన మొహం చూడని డాక్టరు. ఎదురుగా మనిషి లేకపోవడమే అతనికి ధైర్యం. 1960లో ఎన్.ఎన్. విగ్ అనే మన దేశపు మానసిక వైద్యుడు ఈ భయానికి ‘ధాత్’ అన్న మాటతోనే ఒక పేరు పెట్టాడు. ధాతువు పోతున్నదన్న బెంగే అక్కడ రోగమన్నమాట. బెంగకు మందు మాటే గదా!

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్లవాణ్ణి స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టి, నా ఫోనులో సమరం గారి పాత టీవీ సంభాషణ ఒకటి పెట్టి, చెవులకు తీగలు తగిలించి, నేను టీ తాగే నెపంతో దూరంగా పోయాను. పావుగంట తరువాత తిరిగి చూస్తే కుర్రవాడు తల ఎత్తి కూర్చుని ఉన్నాడు. గూడ్సు బండి ఒకటి పోయేదాకా ఇద్దరమూ మాట్లాడలేదు.

“అది జబ్బు కాదంట సార్.”

“కాదు.”

“మరి ఆయాసం ఎందుకొస్తాంది?”

చూశారా! ఆ ప్రశ్నకు తెర మీది డాక్టరు దగ్గర జవాబు లేదు. ఉండదు కూడాను.

ఇంగ్లండులో మైకేల్ మోస్లీ అని ఒకడుండేవాడు. మన కలకత్తాలోనే 1957లో పుట్టాడు. కొన్నాళ్లు బ్యాంకులో పనిచేసి, అది విసుగు పుట్టి, లండనులో వైద్యం చదివి, తీరా డాక్టరయ్యాక 1985లో బీబీసీలో చేరిపోయాడు. ఇంత చదివి రోగిని చూడకపోవడమేమిటని ఇంట్లో గొడవ చేయలేదో ఏమో! కడుపులో పుండుకు కారణం మనోవ్యథ కాదు, ఒక సూక్ష్మజీవి అన్న ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్‌ను లోకం ఇంకా నమ్మని రోజుల్లో, 1994లో అతని మీద ఒక చిత్రం తీశాడు. మార్షల్‌కు 2005లో నోబెలు వచ్చింది. తరువాత మోస్లీ తానే తెర మీదికి వచ్చాడు. లోపల ఏమి జరుగుతుందో చూపడానికి 2014లో బద్దెపురుగు పిల్లల్ని మింగి, ఆపైన చిన్న కెమెరా గుళిక కూడా మింగి, కడుపులో పెరిగిన పురుగుల్ని ప్రేక్షకులకు చూపించాడు. 2024 జూనులో గ్రీసులోని సిమీ దీవిలో మండే ఎండలో ఒంటరిగా నడుస్తూ పోయి తిరిగి రాలేదు. నాలుగు రోజులకు శవం దొరికింది. అరవై ఏడేళ్లు.

ఆ పురుగుల సంగతి గుర్తుకు రావడం మాకు మేలయింది. కుర్రవాడి కాళ్ల వంక చూశాను. చెప్పులు లేవు. పొలంలో పని, చెలకల్లో తిరుగుడు. సర్కారు దవాఖానాకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ చిన్నది, మా కాలేజీ పిల్లల కంటె నాలుగేళ్లు పెద్దదేమో. ఒక్క మాట అడగకుండా కుర్రవాడి కింది రెప్ప లాగి చూసింది. “సున్నం వేసినట్టున్నది సార్, ఇన్నాళ్లు ఏం చేస్తున్నారు?” అన్నది. రక్తం పరీక్ష చేయిస్తే పద్నాలుగు దాకా ఉండవలసింది ఎనిమిది. మలం పరీక్షలో కొంకి పురుగు గుడ్లు. ఈ పురుగు పిల్లలు చెమ్మ నేలలో కాచుకుని ఉండి, వట్టి కాళ్ల చర్మంలోంచి లోపలికి దూరుతాయి. పేగును పట్టుకుని రోజూ ఇంత చొప్పున రక్తం తాగుతాయి. రక్తం పోతున్నదన్న మాట నిజమే! పోయే దారే వేరు.

పురుగుల బిళ్ల, ఆపైన నెలల తరబడి ఇనుము మాత్రలు. అన్నీ ఊరికే ఇచ్చారు. చెప్పుల జత మాత్రం నేను కొన్నాను, నూట ఎనభై రూపాయలు. పెరుగన్నం సలహాకు అది నా జరిమానా.

లాడ్జివాడి డబ్బు రాలేదు. పోయి అడుగుదామన్నాను గాని కుర్రవాడు వద్దన్నాడు. అడగడానికి పోతే ఎందుకు పోయావని నలుగురూ అడుగుతారు గదా, ఆ గోడ మీది రాత ధీమా అదే.

మామిడికాయల రోజుల్లో తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. మొహం తేటపడ్డది. ఆమె కొంగులో నాలుగు కాయలు. లాడ్జి సంగతి ఆమెకు చెప్పినట్టు లేదు, నేనూ చెప్పలేదు. ఆమె కాసేపు నిలబడి, “సారూ, దవాఖానాల పైస తీసుకోలేదంట. మరి ముందుగాల ఫోన్ల చూసిన డాక్టరున్నడు గదా, ఆయనకెంత ఇచ్చినవ్?” అని అడిగింది.

ఏమీ ఇవ్వలేదన్నాను. ఆమె నమ్మలేదు. కాయల్లో రెండు విడిగా తీసి, “ఇవి ఆయనకు పంపు” అన్నది.