ఒక్క చీమ, మొత్తం పుట్ట

తొలకరి విత్తనాల రోజుల్లో, జుమా నమాజు ముగిసిన తరువాత ఒక పత్తి రైతు మా వద్దకు వచ్చి, "మౌలానా, చేనుకు మందు కొడితే లెక్కలేనన్ని ప్రాణాలు పోతాయి. దీనికి అల్లాహ్ దగ్గర జవాబు చెప్పుకోవాలా?" అని అడిగారు. పంటకు హాని చేసే పురుగును చంపడం ధర్మసమ్మతమేనని చెప్పి పంపించాము. ఇంటికి వచ్చి ఆలోచించగా, మేము చెప్పినది సగం జవాబేనని తోచింది.

బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు ఒకటి ఉంది. పూర్వం ఒక ప్రవక్తను చీమ కుట్టింది. ఆయన పుట్టనంతా కాల్పించారు. కుట్టినది ఒక్క చీమ. కాలిపోయినది అల్లాహ్‌ను స్తుతించే ఒక సముదాయం. అందుకే అల్లాహ్ ఆయనను మందలించాడు.

మరి పత్తి చేనులో జరుగుతున్నదేమిటి? రసం పీల్చే పురుగుల నివారణకు ఇమిడాక్లోప్రిడ్ అనే మందును విత్తనానికే పట్టిస్తున్నారు. అందులో మొక్కకు చేరేది కొద్ది భాగమే. అధిక భాగం నేలలోనే ఉండిపోతుంది. కొన్ని నేలల్లో ఏడాదికి పైగా నిలుస్తుంది. వానపాముకు ఊపిరితిత్తులు లేవు. తడి చర్మంతోనే శ్వాసిస్తుంది, మట్టినే మింగుతుంది. కనుక విషం దానిలోకి రెండు దారుల్లో ప్రవేశిస్తుంది. చావకపోయినా అది బరువు తగ్గుతుంది, గుడ్లు తక్కువగా పెడుతుంది, బొరియలు తవ్వడంలో మందగిస్తుంది. వాన నీటిని నేల లోపలికి దింపేవి ఆ బొరియలే. దాదాపు 400 అధ్యయనాలను పరిశీలించిన అమెరికా పరిశోధకులు, పరీక్షించిన అంశాలలో 70 శాతానికి పైగా నేల జీవులకు హాని కనిపించిందని 2021లో ప్రకటించారు.

తొలకరికి ఎర్రని మఖ్మల్ ముక్కలా బయటికి వచ్చే ఆరుద్ర పురుగును మన ఇళ్లలో బీర్ బహూటీ అంటారు. అదీ నేలలో బతికేదే, ఇతర పురుగుల గుడ్లను తినేదే. ఈ ఏడాది మా విద్యార్థులకు చూపిద్దామని వెదికితే ఒక్కటీ దొరకలేదు. కారణం మందులేనని మేము ప్రమాణం చేయలేము.

మరుసటి జుమాకు ఆ రైతును పిలిచి మిగిలిన సగం చెప్పాము. పక్క చేనువారు కొట్టారని కొట్టవద్దు. ఆకులు తిప్పి చూసి, పురుగు నిజంగా మితిమీరినప్పుడే కొట్టండి. ముందుగా వేప గింజల కషాయం వాడి చూడండి. మిగిలిన మందును గట్టు మీద పారబోయవద్దు.

ఆయన శ్రద్ధగా విన్నారు. "అవన్నీ నా చేతిలో ఉన్నవి, చేస్తాను. కానీ విత్తనం ప్యాకెట్‌లోనే మందు పట్టించి వస్తోంది కదా మౌలానా, దానికేం చేయను?" అన్నారు.

దానికి మా వద్ద ఫత్వా లేదు. మందు పట్టించని విత్తనం దొరికే మార్గం ఉందేమో మండల వ్యవసాయ అధికారిని అడగడానికి, సోమవారం ఇద్దరం కలిసి వెళ్దామనుకున్నాము.