'పునః' చేర్చితే చాలునా? – 'రిమౌంట్' క్రియకు తెలుగు సమానార్థకాలపై ఒక ఆక్షేపణ

ఇంగ్లీషు క్రియ 'రిమౌంట్'ను తెలుగు చేయవలసి వచ్చినప్పుడు అనువాదకుని చేతికి ముందుగా అందేది 'పునః' అన్న మాట. దాని వెంట సందర్భాన్ని బట్టి ఆరోహణ, స్థాపన, ప్రదర్శన, నిర్మాణం వంటి భావార్థక నామం ఒకటి చేరుతుంది. చివర 'చేయు' గాని 'జరుగు' గాని వచ్చి కూర్చుంటుంది. పరిభాష సిద్ధమైపోయింది, పని ముగిసింది. ఈ పద్ధతి పరిభాషా నిర్మాణంలోనూ పాఠ్యపుస్తక రచనలోనూ పరిశోధన వ్యాసాల్లోనూ ప్రశ్నించనక్కరలేని అలవాటుగా స్థిరపడింది. ఈ అలవాటు తప్పన్నదే ఈ వ్యాసం వాదం. ఇది శైలికి సంబంధించిన చిన్న లోపం కాదు. ఏ పని జరిగిందో, ఎవరు చేశారో, ఎలా చేశారో చెప్పవలసిన చోట భాష చెప్పకుండా తప్పుకునే మార్గం ఇది.

ఒక క్రియ, పలు పనులు

'రిమౌంట్' పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన క్రియ. దిగిన గుర్రాన్ని రౌతు మళ్ళీ ఎక్కడం దాని ప్రసిద్ధార్థం. గుర్రాలు కోల్పోయిన దళానికి కొత్త గుర్రాలను సమకూర్చడం మరొకటి. ఈ అర్థంలోనే అది నామంగా కూడా మారి, సైన్యానికి సమకూర్చే గుర్రానికి పేరైంది. భారత సైన్యంలోని 'రిమౌంట్ వెటర్నరీ కోర్' పేరులో నేటికీ నిలిచి ఉన్నది ఆ అర్థమే. దిగిన కొండను, మెట్లను మళ్ళీ ఎక్కడం, ఉంగరంలోని రాయిని తీసి మరో దిమ్మెలో పొదగడం, పటాన్ని పాత అట్ట నుంచి విడదీసి కొత్త అట్టకు అతికించడం, మ్యూజియంలోని శిల్పాన్ని కొత్త ఆధారం మీద నిలపడం, ఒకప్పుడు ఆడిన నాటకాన్ని తిరిగి రంగం మీదికి తేవడం, ఆగిన దాడిని మళ్ళీ మొదలుపెట్టడం, కంప్యూటరులో నిల్వ భాగాన్ని విడదీసి మళ్ళీ తగిలించడం కూడా అదే క్రియ చేసే పనులు.

ఇన్ని పనులను ఇంగ్లీషు ఒక్క మాటలో ఇముడ్చుకుంటే అది ఆ భాష స్వభావం. ఆ ఇముడ్పును తెలుగు కూడా అనుకరించాలన్న నియమం ఎక్కడా లేదు. పైగా ఇంగ్లీషులో ఒకే రూపం అకర్మకంగానూ సకర్మకంగానూ నడుస్తుంది. తెలుగులో 'ఎక్కు' వేరు, 'ఎక్కించు' వేరు. రౌతు గుర్రం ఎక్కుతాడు, పిల్లవాణ్ణి గుర్రం ఎక్కిస్తాడు. 'పునరారోహణ' అన్నప్పుడు ఎక్కినదెవరో, ఎక్కించినదెవరో తెలియదు. ప్రేరణార్థక ప్రత్యయం మోసే బరువును తత్సమ నామం దించి పారేసింది.

వ్యాకరణం వైపు నుంచీ ఒక మాట చెప్పవలసి ఉంది. 'పునః'ను ఉపసర్గ అని పిలవడం వాడుకలో వినబడుతుంది. సంస్కృత వ్యాకరణం చెప్పే ప్ర, పరా మొదలైన 22 ఉపసర్గలలో అది లేదు. అది అవ్యయం. తెలుగులో దానికి సరిసమానమైనవి మళ్ళీ, మరల, తిరిగి. ఇవి క్రియకు ముందు స్వేచ్ఛగా నిలిచి క్రియను క్రియగానే ఉండనిస్తాయి. ఇక క్రియతో కలిసిపోయే మాటే కావాలంటే తెలుగుకు తనదైన 'తిరగ' ఉంది. తిరగరాయు, తిరగదోడు, తిరగబెట్టు అన్న రూపాలు అందుకు సాక్ష్యం. వీటిలో మూడోది జబ్బుకు వాడేది. నయమైనదనుకున్న జ్వరం తిరగబెడుతుంది. దాన్ని 'పునఃప్రకోపం' అన్నంత మాత్రాన శాస్త్రీయత పెరగదు.

పత్తి, మిరప నేలల సాక్ష్యం

ఈ వాదానికి గుంటూరు, ప్రకాశం మైదానం మంచి పరీక్షాస్థలం. పత్తీ మిరపా పండే ఈ నేలలో వ్యవసాయం, దాన్ని ఆనుకున్న వృత్తులు 'మళ్ళీ ఎక్కించే' పనులతో నిండి ఉంటాయి. ఆ పనులన్నిటికీ ఇక్కడ ఒకే క్రియ లేదు.

ఎడ్లబండి చక్రాన్నే తీసుకోవచ్చు. ఎండాకాలంలో పూటీల కర్ర ఎండి కుంచించుకుపోతుంది. వాటిని చుట్టి పట్టుకొన్న ఇనుప పట్టా వదులవుతుంది. అప్పుడు కమ్మరి పట్టాను ఊడదీసి, కొంత కోసి, కొసలు అతికి చుట్టుకొలత తగ్గిస్తాడు. ఆపైన దాని చుట్టూ పిడకలు పేర్చి కాలుస్తాడు. కాలిన ఇనుము సాగుతుంది. ఎర్రగా ఉండగానే చక్రానికి ఎక్కించి నీళ్ళు పోస్తే బిగుసుకొని పూటీలను ఒక్కటిగా పట్టేస్తుంది. దీన్ని 'పట్టా ఎక్కించడం' అంటారు. అదే చక్రాన్ని ఇరుసుకు తొడిగి చీల పెట్టడం మరో పని. గొడ్డలికి కొత్త కర్ర వేయడం, గుంటకకు పాస బిగించడం, నాగలికి కర్రు దిగగొట్టడం వేర్వేరు పనులు. ఎక్కించు, తొడుగు, వేయు, బిగించు, దిగగొట్టు అన్న ఐదు క్రియలు ఐదు రకాల పట్టును చెబుతాయి. వేడి వల్ల సాగి బిగిసే పట్టు ఒకటి, తిరగడానికి వీలుగా వదులుంచే పట్టు మరొకటి. 'పునఃస్థాపన' అన్న మాటకు ఈ భేదం తెలియదు.

చేనేతలోనూ ఇంతే. మంగళగిరిలోనైనా చీరాలలోనైనా ఒక పడుగు అయిపోయి మరొకటి మగ్గానికి ఎక్కేటప్పుడు పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలుపుతారు. దానికి 'అచ్చు అతకడం' అని పేరు. మగ్గం ముందు కూర్చుని వందల పోగులను వరుస తప్పకుండా కలిపే నేర్పు అది. దాన్ని 'పడుగు పునఃస్థాపన' అని రాస్తే పోగూ పోదు, పని మాత్రం కనబడకుండా పోతుంది.

మిరప కల్లంలో కాయ ఎండాక టిక్కీలకు ఎత్తుతారు. గుంటూరు యార్డులో దించిన టిక్కీ ఆ రోజు ధర కుదరక అమ్ముడుపోకపోతే మళ్ళీ బండికెత్తి శీతల గిడ్డంగికి చేరుస్తారు. ఇక్కడ 'మళ్ళీ' అన్న మాటలో రైతు నష్టం ఉంది. ఎత్తుకూలి ఇంకోసారి పడింది, దింపుడుకూలి ఇంకోసారి పడింది. ఎత్తు, దించు అన్న జంట క్రియలు ఆ లెక్కను దాచవు. కూలికి పేరు క్రియ నుంచే పుట్టింది గనుక క్రియ మారితే లెక్క చెప్పే మాటే మారుతుంది.

కోటప్పకొండ తిరునాళ్ళ సంగతి ఇంకా స్పష్టం. ఏటా శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళవారు ఎత్తైన ప్రభలు కట్టి కొండ దగ్గరికి తెస్తారు. ఏటా చేసే పనే అయినా 'మళ్ళీ' అన్న మాట కూడా అక్కడ అవసరం పడదు. 'ఈ యేడు ప్రభ కడుతున్నారా?' అని అడిగితే సరిపోతుంది. ఆవృత్తిని ప్రతి పదంలోనూ గుర్తు చేయవలసిన అగత్యం ఇంగ్లీషు పూర్వప్రత్యయానిది, తెలుగు వాక్యానిది కాదు.

మాట మరుగుపరచిన చరిత్ర

ఇది పల్లెపదాల మీద మమకారంతో చేసే వాదన కాదు. శాస్త్రరచనలో ఈ అలవాటు ఎంత నష్టం చేస్తుందో చూపడానికి ఈ మైదానపు అంచునే ఉన్న రెండు బౌద్ధక్షేత్రాలు చాలు.

నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు సాగాయి. సాగర్ జలాశయం కింద లోయ మునగబోతున్నందువల్ల కొన్ని కట్టడాలను విప్పి, కొండ మీదా అనుపులోనూ మళ్ళీ పేర్చారు. కొన్నింటికి నమూనాలు మాత్రం చేశారు. మొదటి రకంలో ఇటుకా రాయీ పాతవే, చోటు మాత్రమే కొత్తది. రెండో రకంలో రూపం ఒక్కటే పాతది. ఈ రెండింటినీ కలిపి 'పునర్నిర్మాణం' అని రాసిన వాక్యాన్ని చదివిన విద్యార్థి తన కళ్ళెదుట ఉన్నది ఇక్ష్వాకుల కాలపు ఇటుకో, ఇరవయ్యో శతాబ్దపు నమూనాయో తేల్చుకోలేడు. 'విప్పి పేర్చారు', 'నమూనా కట్టారు' అని రాస్తే ఆ సందేహం పుట్టదు. ఇక్కడ తేలికమాట అనిపించే తెలుగు క్రియే శాస్త్రానికి కావలసిన నిర్దిష్టతను ఇస్తున్నది.

అమరావతి శిల్పాల కథ మరీ క్లిష్టం. స్తూపం నుంచి ఊడివచ్చిన ఫలకాలు కొన్ని మద్రాసుకు, అక్కడి నుంచి మరికొన్ని లండనుకు చేరాయి. లండను చేరినవి 1859లో దిగాయి. అవి బ్రిటిష్ మ్యూజియంలో చోట్లు మారుతూ, చివరకు 1992లో తెరిచిన ప్రత్యేక ప్రదర్శనశాలలో కుదురుకున్నాయి. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని ఫలకాలను ఒకప్పుడు గోడలో సిమెంటుతో అతికించి నిలిపారు. సిమెంటూ గోడ చెమ్మా రాతికి హాని చేస్తాయని తరువాత గుర్తించి, వాటిని విడదీసే ప్రయత్నాలు చేయవలసి వచ్చింది. గోడలో అతికించడానికీ, గోడకు ఆనించి చట్రంలో నిలపడానికీ మధ్య ఉన్న తేడా ఇక్కడ రాతి ప్రాణానికి సంబంధించినది. రెండూ ఇంగ్లీషులో 'మౌంట్' కావచ్చు. తెలుగులో రెండూ 'పునఃస్థాపన' కానక్కరలేదు. అతికించు, నిలుపు, ఆనించు అన్న మూడు క్రియలు వాడితే ఏ నిర్ణయం రాతికి హాని చేసిందో వాక్యమే చెబుతుంది.

'పునఃస్థాపన జరిగింది' అన్న వాక్యంలో మరో లోపం ఉంది. అందులో కర్త లేడు. క్రియను నామంగా మార్చి 'జరుగు'ను తగిలించగానే బాధ్యత వాక్యం నుంచి జారిపోతుంది. 'ఫలకాలను గోడలో అతికించారు' అన్నప్పుడు కర్త పేరు చెప్పకపోయినా చేసినవారు ఉన్నారన్న సూచన క్రియలోని బహువచన ప్రత్యయంలోనే ఉంటుంది.

ప్రతివాదులకు సమాధానం

దీనిపై రెండు ఆక్షేపణలు రావచ్చు. మాండలిక క్రియ ఊరూరికి మారుతుంది గనుక పరిభాషకు ఏకరూపత కావాలన్నది మొదటిది. ఈ భయానికి ఆధారం తక్కువ. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం, ఆ తరువాతి చేనేత సంపుటం, ప్రాంతభేదాలతో సహా వృత్తిపదాలను శాస్త్రీయంగా నమోదు చేయవచ్చునని ఆనాడే నిరూపించాయి. భేదాలు ఎక్కువగా పనిముట్ల పేర్లలో కనిపిస్తాయి. ఎక్కించు, తొడుగు, బిగించు, పొదుగు, అతుకు, నిలుపు వంటి క్రియలు తెలుగునేల అంతటా అర్థమవుతాయి.

తత్సమాలను వెళ్ళగొట్టాలన్న పాత తగవును ఈ వాదన మళ్ళీ తెస్తున్నదన్నది రెండోది. అది నిజం కాదు. దేవాలయంలో విగ్రహాన్ని మళ్ళీ నెలకొల్పడాన్ని 'పునఃప్రతిష్ఠ' అనడమే సరి. అది ఆగమం విధించిన ఒక నిర్దిష్ట కర్మకాండకు పేరు. అక్కడ 'మళ్ళీ నిలబెట్టారు' అంటే అర్థం తగ్గుతుంది. కంప్యూటరు పనిలో 'మళ్ళీ తగిలించు' చక్కగా సరిపోతుంది, నిపుణులు 'రిమౌంట్' అనే వాడుకున్నా నష్టం లేదు. తెలుగు నాటకం విషయంలో బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్యహరిశ్చంద్రీయం' వంటివి ఎన్నిసార్లు ఆడినా జనం 'నాటకం వేశారు' అనే అన్నారు. కాని పాత ప్రదర్శనను అదే రంగాలంకరణతో, అదే దర్శకత్వంతో యథాతథంగా తిరిగి తెచ్చినప్పుడు, దాన్ని కొత్తగా వేసిన నాటకం నుంచి వేరుచేయడానికి 'పునఃప్రదర్శన' అన్న మాట పనికివస్తుంది. అర్థభేదం కోసం వాడితే ఏ మాటైనా ఆదరణీయమే. ఆలోచించే శ్రమ తప్పించుకోవడానికి వాడినప్పుడే ఆక్షేపణ.

చేయవలసినది

ద్విభాషా నిఘంటువు 'రిమౌంట్' వంటి క్రియకు ఎదురుగా ఒక్క తెలుగు మాట ఇవ్వడం మానుకోవాలి. కర్మను బట్టి ఆరోపాలు వేరుచేసి, రాయికి పొదుగు, పటానికి అతికించు, పట్టాకు ఎక్కించు, ఫలకానికి నిలుపు అని ప్రయోగాలతో చూపాలి. పరిశోధన వ్యాసాల్లో 'పునః'తో మొదలయ్యే ప్రతి నామం వద్దా ఆ పని ఏమిటని పరిశీలకుడు అడగాలి. జవాబు ఒక క్రియగా దొరికితే ఆ క్రియనే వాక్యంలో ఉంచాలి.

దీనికి గడువు కూడా ఉంది. ట్రాక్టరుకు రబ్బరు చక్రాలు వచ్చాక పట్టా ఎక్కించే కొలిమిలు ఈ మైదానంలో తగ్గిపోయాయి. మగ్గాలు తగ్గిన చోట అచ్చు అతికేవారూ తగ్గుతున్నారు. ఆ పని చేసినవారు, చూసినవారు ఉండగానే వారి నోటి క్రియలను నమోదు చేసుకోవడం తెలుగు శాఖల బాధ్యత. వారి వద్దకు వెళ్ళి అడగవలసిన వయసులో ఉన్న పరిశోధక విద్యార్థిని గ్రంథాలయంలో కూర్చుండబెట్టి 'పునః' చేర్చడం నేర్పితే, రేపటి నిఘంటువులో మిగిలేది ఆ ఒక్క అవ్యయమే.