షెడ్డులో పాత కారు – షట్టరు మూసి స్టార్ట్ చేయకండి

పోయిన చలికాలంలో ఒక ఆదివారం సాయంత్రం ఒకావిడ భర్తనూ కొడుకునూ ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి వచ్చింది. భర్త రిటైరైన ఉపాధ్యాయుడు, అరవై అయిదేళ్లు దాటినవాడు. కొడుకుకు హైదరాబాదులో ఉద్యోగం. శని, ఆదివారాలు సిద్దిపేటకు వచ్చిపోతుంటాడు. ఇద్దరికీ తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. కొడుకు దారిలోనే రెండుసార్లు వాంతి చేసుకున్నాడు.

“పొద్దున తిన్న చికెన్ కూర పడలేదేమో సారూ” అన్నదావిడ.

నిజం చెప్పొద్దూ, నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకేసారి వాంతులంటే ఎవరికైనా తిండి మీదికే అనుమానం పోతుంది. వేలికి ఆక్సీమీటరు పెట్టి చూస్తే 98 చూపించింది. అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపించింది. సెలైనూ, వాంతులకు ఇంజక్షనూ రాయబోతూ మాటవరసకు అడిగాను.

“మీరు తిన్నరా అమ్మా, ఆ కూర?”

“తిన్న సారూ. నాకేం కాలేదు.”

అక్కడ నాకు అనుమానం వచ్చింది. “మరి వీళ్లిద్దరూ పొద్దటి నుంచి ఎక్కడున్నరు?”

“ఇంకెక్కడ సారూ, షెడ్డుల. ఆ ముసలి కారు దగ్గర్నే. చలి పెడుతుందని షట్టరు దించుకున్నరు. ఇన్ని నెలలకు ఇయ్యాల్నే స్టార్టయిందట, సంబరపడుకుంట దాన్ని నడిపిస్తనే ఉన్నరు. చాయ్ తీస్కపోయి చూస్తే ఈయన స్టూలు మీద కూలబడి ఉన్నడు.”

వెంటనే ఇద్దరికీ బిగుతైన మాస్కు పెట్టి పూర్తి ధారలో ఆక్సిజన్ ఇచ్చాం. పరీక్షకు రక్తం తీశాం కానీ, ఫలితం కోసం ఆగలేదు. ఆ ఇల్లాలు మరో అరగంట ఆలస్యంగా చాయ్ పెట్టి ఉంటే, వాళ్లిద్దరూ నా దగ్గరికి రావలసిన పని ఉండేది కాదు.

ఈ వారం ఈ విషయం రాయడానికి కారణం ఉంది. పాత కార్లను ఇంట్లోనే బాగుచేసుకునే సరదా మన ఊళ్లలో పెరుగుతోంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. తాతగారు కొన్న కారు, నాన్నగారు నడిపిన కారు అని అభిమానంతో దాచుకున్నవాళ్లు ఇప్పుడు రిటైరై తీరిక దొరికాక దానికి మళ్లీ ప్రాణం పోయాలనుకుంటున్నారు. మంచిదే. పనిలో పడితే మనసుకు హాయి, ఒంటికి కదలిక. తండ్రీకొడుకులు కలిసి నాలుగు గంటలు గడపడం ఈ రోజుల్లో చిన్న విషయమేమీ కాదు. ఈ సరదా మానమని నేను చెప్పను. అయితే ఇంటి షెడ్డు వేరు, మెకానిక్ షాపు వేరు. మెకానిక్ షాపు ముందంతా తెరిచి, నలుగురు మనుషులతో ఉంటుంది. మన షెడ్డుకు మూడు వైపులా గోడలు, నాలుగో వైపు షట్టరు. తేడా అంతా అక్కడే ఉంది.

కనిపించని విషం

పెట్రోలు పూర్తిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ వాసన వస్తే అది పొగలోని ఇతర పదార్థాలది. ‘వాసన లేదు కదా, ప్రమాదం లేదు’ అనుకోవడం పొరపాటు.

మన రక్తంలో హీమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం ప్రాణవాయువును ఒళ్లంతా మోసుకుపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఆ హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకుంటుంది. సీట్లన్నీ పరాయివాళ్లు ఆక్రమించిన బస్సులా తయారవుతుంది రక్తం. బస్సు తిరుగుతూనే ఉంటుంది, ఎక్కవలసినవాళ్లకు మాత్రం చోటుండదు. మొదట దెబ్బతినేవి మెదడు, గుండె.

మామూలు ఆక్సీమీటరు ఈ సీట్లు నిండాయా లేదా అని మాత్రమే చూడగలదు, ఎవరు కూర్చున్నారో చెప్పలేదు. అందుకే ఆ రోజు 98 చూపించింది. కరోనా రోజుల నుంచి చాలా ఇళ్లలో ఈ పరికరం ఉంది. పొగ పీల్చినవాళ్ల విషయంలో ఆ అంకె చూసి ధైర్యపడకండి.

పాత కార్ల పొగలో ఈ వాయువు మరీ ఎక్కువ. కొత్త కార్లలో పొగను శుద్ధి చేసే కన్వర్టరు ఉంటుంది. పాత కార్బొరేటరు బండ్లలో చాలావాటికి అది లేదు. పైగా చల్లని ఇంజనును చోకు లాగి స్టార్ట్ చేస్తాం. చోకు లాగితే గాలి తగ్గి, పెట్రోలు పాలు పెరుగుతుంది, విషవాయువు కూడా పెరుగుతుంది.

ఒక లెక్క వేసి చూడండి. మీ షెడ్డు 18 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. అందులో పట్టే గాలి సుమారు 51,000 లీటర్లు. మీ పాత ఇంజను నిలకడగా నడుస్తూ నిమిషానికి 200 లీటర్ల పొగ వదులుతోందనీ, అందులో నూటికి 5 పాళ్లు కార్బన్ మోనాక్సైడ్ అనీ అనుకుందాం. అంటే నిమిషానికి 10 లీటర్లు. అయిదారు నిమిషాల్లో షెడ్డులోని గాలిలో వెయ్యికి ఒక పాలు ఈ విషం చేరుతుంది. అంతమాత్రం చాలు, గంట రెండు గంటల్లో మనిషికి స్పృహ తప్పడానికి. ఇంజను ఆగకుండా నడుస్తుంటే గంట కూడా పట్టదు.

“షట్టరు ఒక అడుగు ఎత్తే ఉంచాం డాక్టరుగారూ” అంటారు కొందరు. “ఫ్యాను వేశాం” అంటారు మరికొందరు. అడుగు సందు చాలదు. మూసిన గదిలో ఫ్యాను ఆ విషాన్నే మూలమూలకూ తిప్పుతుంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నా, మాస్కు పెట్టుకున్నా ఈ వాయువు ఆగదు. షెడ్డుకూ ఇంటికీ మధ్య తలుపు ఉంటే అది ఇంట్లోకీ పాకుతుంది. పసిపిల్లలు, గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు తొందరగా దెబ్బతింటారు. కడుపులోని బిడ్డకు తల్లి కంటే ఎక్కువ హాని.

ఎలా గుర్తుపట్టాలి? జ్వరం లేకుండా తలనొప్పి, వికారం, నీరసం, కాళ్లు తేలిపోవడం, మాట తడబడటం. షెడ్డులో ఉన్న ఇద్దరికీ ఒకేసారి వస్తుంది, బయటికి వస్తే కొంత తగ్గుతుంది. ఈ సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. చెప్పకపోతే నాలాగే ‘కూర పడలేదు’ అనుకునే ప్రమాదం ఉంది.

ఏం చేయాలి? లోపల ఎవరైనా పడిపోయి ఉంటే ముందు షట్టరు పూర్తిగా ఎత్తండి, కేకవేసి నలుగురిని పిలవండి. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లి, మనిషిని బయటి గాలిలోకి లాగండి. వీలైతే ఇంజను ఆపండి. కాపాడబోయినవాళ్లు కూడా అక్కడే పడిపోయిన సంఘటనలు ఉన్నాయి కనుక లోపల తాత్సారం చేయవద్దు. 108కి ఫోను చేయండి. నిమ్మరసం, మజ్జిగ తాగించి ఇంట్లో పడుకోబెట్టవద్దు. దీనికి మందు ఆక్సిజనే. మామూలు గాలిలో రక్తంలోని విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంటన్నరలోపే సగమవుతుంది.

తేరుకున్నాక కూడా నెల, నెలన్నర కనిపెట్టి చూడాలి. కొందరిలో కొన్నాళ్లు బాగానే ఉండి, తర్వాత మతిమరుపు, చిరాకు, నడకలో తూలు కనిపిస్తాయి. అలాంటిదేమైనా కనిపిస్తే మళ్లీ చూపించాలి.

జాకీని నమ్మి కిందికి దూరకండి

ఇక రెండో ప్రాణాపాయం జాకీ. అది చక్రం మార్చడానికి పనికొచ్చే సాధనం, కింద పడుకుని పనిచేయడానికి కాదు. టన్నుకు పైగా బరువున్న బండి జాకీ జారి ఛాతీ మీదికి వస్తే, ఎముక విరగకపోయినా ఊపిరి ఆడక మనిషి పోతాడు. ఇటుకలు పేర్చి వాటి మీద బండిని నిలపడం మన దగ్గర అలవాటు. ఇటుక చూస్తుండగానే పగిలిపోతుంది. ఇనుప స్టాండ్లు వాడండి. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టాలి. విప్పిన చక్రాన్ని బండి కిందికి తోసి ఉంచితే అదొక అదనపు రక్ష. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బండి కిందికి దూరవద్దు.

నోటితో పెట్రోలు లాగడం

ఇది నేను చేసిన తప్పే కనుక ధైర్యంగా రాస్తున్నాను. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో మా నాన్నగారి అంబాసిడర్ ట్యాంకు ఖాళీ చేయాలని రబ్బరు గొట్టం పెట్టి నోటితో పీల్చాను. గుక్కెడు పెట్రోలు నోట్లోకి వచ్చి పొరబోయింది. మూడు రోజులు జ్వరం, దగ్గు, ఛాతీలో మంట. వైద్యం చదివినవాడి తెలివి అది! పెట్రోలు కడుపులోకి పోవడం కంటే ఊపిరితిత్తుల్లోకి పోవడం ఎక్కువ ప్రమాదం. కొద్దిపాటి పెట్రోలు చాలు, ఊపిరితిత్తులు వాచి న్యుమోనియా రావడానికి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. వాంతిలో అది మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పునీళ్లు, పాలు పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. ట్యాంకు ఖాళీ చేయడానికి చేతి పంపులు చవకగానే దొరుకుతాయి.

తల్లులకు ఒక మాట. పెట్రోలు, థిన్నరు, యాసిడ్ వంటివి కూల్‌డ్రింకు సీసాల్లో పోసి షెడ్డులో పెట్టనివ్వకండి. పిల్లలు సీసాను చూసి తాగుతారు, లోపల ఏముందో చూడరు.

మరికొన్ని జాగ్రత్తలు

బ్యాటరీ చార్జి అవుతుంటే హైడ్రోజన్ పుడుతుంది, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. దగ్గర బీడీ, సిగరెట్ వద్దు. ఉంగరం, గొలుసు, చేతి గడియారం తీసి పని మొదలుపెట్టండి. ఉంగరం బ్యాటరీకీ పానాకూ మధ్య చిక్కితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాలుస్తుంది. ఎర్తు తీగను ముందు విప్పాలి, చివర బిగించాలి. యాసిడ్ కంట్లో పడితే ఏ చుక్కల మందూ వెతక్కుండా, రెప్పలు తెరిచి 20 నిమిషాలు మంచినీళ్ల ధారతో కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి రండి.

వేడిగా ఉన్న రేడియేటరు మూత తిప్పవద్దు. లోపలి నీళ్లు ఒత్తిడితో ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. చెయ్యి వేసి చూడగలిగేంత చల్లారనివ్వండి. కాలితే 20 నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టండి. సిరా, టూత్‌పేస్టు, పసుపు పూయవద్దు.

పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత కూడా క్యాన్సర్ తేగలదు. డ్రమ్ము విప్పినప్పుడు నోటితో ఊదకండి, గాలి కొట్టకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరంలో ఆగింది. అంతకుముందు నడిచిన ఇంజను లోపలి మసిలో సీసం ఉండవచ్చు. దాన్ని పొడిగా గీకవద్దు. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినవద్దు.

చేతుల గ్రీజు పోవడానికి పెట్రోలు వాడితే చర్మం పగిలి గజ్జి లేస్తుంది. ముందు కొబ్బరినూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. తుప్పు రేకు గీసుకుంటే సబ్బు నీళ్లతో కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వచ్చి వేయించుకోండి. అరవై దాటినవాళ్లు గేరుబాక్సు వంటి బరువులు ఎత్తవద్దు. అది కొడుకుల పని, లేదా కూలి ఇచ్చి చేయించుకునే పని.

తర్వాత ఏమైంది?

ఆ రాత్రంతా ఆక్సిజన్ మీద ఉంచాం. మర్నాడు ఇద్దరూ తేటపడి ఇంటికి వెళ్లారు. రక్తపరీక్ష కూడా నా అనుమానం నిజమనే చెప్పింది. పది రోజుల తర్వాత మాస్టారు భార్యతో కలిసి చూపించుకోవడానికి వచ్చారు.

“కారు ఏం చేశారు మాస్టారూ?” అని అడిగాను.

“అమ్మలేదు డాక్టరుగారూ. ఇప్పుడు స్టార్ట్ చేయాలంటే వాకిట్లోకి తోసుకొస్తున్నాం. గల్లీ పిల్లలు సాయం పడుతున్నారు” అన్నారాయన కొంచెం సిగ్గుపడుతూ.

“షట్టరు తాళం నా దగ్గర్నే ఉంటది సారూ. పూర్తిగా ఎత్తినంకనే లోపలికి పోవాలె” అన్నదావిడ.

జనరేటరుకూ, చలికి గదిలో పెట్టుకునే బొగ్గుల కుంపటికీ, షెడ్డులో ఏసీ వేసుకుని కారులో కునుకు తీయడానికీ ఇదే మాట వర్తిస్తుంది. పాత కారు ఉన్న పాఠకులు ఈ పేజీ చదివి ఊరుకోకుండా, ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి. చాయ్ తీసుకుని షెడ్డుకు వచ్చేది వాళ్లే కదా.