ఐదు పాటలు, ఐదు చీవాట్లు

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రెండే సరుకులు. ఒకటి క్రిస్మస్ పాటలు, రెండోది పాలిటిక్స్. పొద్దున్నే పెద్దమ్మ ఒక కీర్తన లింకు పెడుతుంది. దాని కిందనే ప్రొద్దుటూరు చిన్నాయన ఢిల్లీ వాళ్లను తిడుతూ నాలుగు నిమిషాల వాయిస్ నోట్ వదుల్తాడు. బెంగళూరు బావ దానికి కౌంటర్ వేస్తాడు. మధ్యాహ్నానికి గ్రూపు అడ్మిన్, అంటే మా అక్క, రంగంలోకి దిగుతుంది. "పండగ పూటన్నా ఆపండి సామీ. పాటలు మాత్రమే పెట్టండి" అని దండం ఎమోజీ పెడుతుంది.

మాది పులివెందుల. ఇక్కడ పాలిటిక్స్ ఆపమనడం అరటి తోటకు నీళ్లు ఆపమన్నట్టే. అయినా అక్క మీద గౌరవంతోనే చెప్తున్నా, పండగ పాటల్నీ రాజకీయాన్నీ విడదీయడం ఎవరి వల్లా కాదు. మనం మురిసిపోతూ ఫార్వర్డ్ చేసే పాటల్లో చాలావాటి పుట్టుకలోనే రాజకీయం ఉంది. నమ్మరా? ఇదిగో ఐదు పాటలు. ఒక్కో పాట వెంబడి ఒక్కో చీవాటు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

పాట 1: పెద్దమ్మ కీర్తన

"ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకం మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే ఒకసారి తెరిచి చూడండి. కీర్తనల పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి లాంటి కవులు ఏసు కథను మన రాగాల్లో కూర్చారు. దొరల ట్యూన్లకు తెలుగు మాటలు అతికించి ఊరుకోలేదు. మా జిల్లాకు ఈ పాటలతో చుట్టరికం కూడా పాతదే. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1822లోనే కడపలో పని మొదలుపెట్టారు. జమ్మలమడుగులోని కాంప్‌బెల్ ఆసుపత్రి వాళ్ల గుర్తే.

సరే, ఆ కీర్తనలు చెప్పే కథ ఏంది? లూకా సువార్త ప్రకారం రోము చక్రవర్తి ఔగుస్తు జనసంఖ్య రాయించాలని ఆర్డరేశాడు. ఎవరి సొంతూరికి వాళ్లు పోయి పేరు రాయించుకోవాలి. అందుకే నిండు గర్భిణి మరియమ్మ నజరేతు నుంచి బేత్లెహేము దాకా ప్రయాణం కట్టింది. సత్రంలో చోటు దొరకలేదు. అంటే క్రిస్మస్ కథ మొదలయ్యేదే ఒక సర్కారు ఉత్తర్వుతో, జనాభా లెక్కలతో.

చీవాటు: రెండు వేల ఏళ్ల కిందట గాడిదల మీద తిరిగే కాలంలో లెక్క రాయించారు. చేతిలో 5జీ పెట్టుకుని మనం మాత్రం 2011 తర్వాత ఇంతవరకు తలలు లెక్కపెట్టుకోలేదు. 2021లో జరగాల్సింది. కోవిడ్ అన్నారు, ఒప్పుకున్నాం. కోవిడ్ పోయి ఎలక్షన్లు జరిగాయి, మ్యాచులు జరిగాయి, లెక్కలు మాత్రం జరగలేదు. ఇప్పుడు 2027 మార్చి 1ని లెక్కకు తేదీగా పెట్టారు. ఆహార భద్రత చట్టం కింద రేషను ఎంతమందికో తేల్చింది 2011 లెక్కలతోనే. ఆ తర్వాత పుట్టిన పిల్లోళ్లు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు.

ఇంకోటి కూడా ఉంది. 2026 తర్వాత వచ్చే మొదటి జనాభా లెక్కల దాకా లోక్‌సభ సీట్ల పంపకాన్ని మార్చకుండా ఆపి ఉంచారు. ఆ లెక్క తేలితే సీట్ల పంపకం మళ్లీ ముందుకొస్తుంది. "ఇద్దరు చాలు" అని సర్కారు చెప్తే విన్న దక్షిణాది రాష్ట్రాల వాటా, విన్నందుకే తగ్గిపోతుందా? ఇది మీ ఓటు బరువుకు సంబంధించిన ప్రశ్న. మీమ్స్ మధ్యలో దీన్ని కూడా ఒకసారి షేర్ చేయండి.

పాట 2: సైలెంట్ నైట్

దీన్ని ప్రపంచంలో చాలా భాషల్లో పాడతారు. మాటలు రాసింది జోసెఫ్ మోర్ అనే ఫాదర్, 1816లో. అప్పుడు యూరప్ నెపోలియన్ యుద్ధాల్లో నలిగిపోయి ఉంది. దానికి తోడు ఆ ఏడు ఎండాకాలమే రాలేదు, పంటలు పోయాయి, జనం ఆకలితో అల్లాడారు. రెండేళ్ల తర్వాత ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులు ట్యూన్ కట్టాడు. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ చర్చిలో గిటారు పట్టుకుని ఇద్దరూ పాడారు. కరువు కాలంలో రాసిన ప్రశాంతమైన పాట అది. మన సీమ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

1914 క్రిస్మస్‌కు ఇదే పాట కందకాల్లో వినిపించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సిపాయిలు అటు, బ్రిటిష్ సిపాయిలు ఇటు. చాలాచోట్ల వాళ్లు తుపాకులు పక్కనపెట్టి, పాడుకుని, చేతులు కలిపారు. పై అధికార్లకు అది నచ్చలేదు. తర్వాతి ఏళ్లలో మళ్లీ అట్లా జరగకుండా కట్టడి చేశారు.

చీవాటు: మా ఊళ్లో ఏ గొడవైనా రెండో మెసేజీకే జగన్ వర్సెస్ చంద్రబాబు అయిపోతుంది. ఇండ్లు చీలిపోయేంత. వరసకు అక్కాతమ్ముళ్లే వేరే పార్టీల్లో నిలబడి కడప ఎంపీ సీటు కోసం తలపడడం 2024లో దేశమంతా చూసింది. ఈ గోలలో సంతోషంగా ఉండేది ఎవరు? ఢిల్లీ. ఇక్కడ కత్తులు నూరుకునే రెండు పార్టీలూ 2022లో రాష్ట్రపతి ఎన్నికలో ఒకే అభ్యర్థికి ఓటేశాయి. 2025లో ఉపరాష్ట్రపతి ఎన్నికలోనూ అంతే. 2019లో వైసీపీకి 22 మంది ఎంపీలు, 2024లో టీడీపీకి 16 మంది. రెండోసారైతే కేంద్ర ప్రభుత్వానికి ఆ 16 కూడా ఒక ఆసరా. ఆ బలంతో మా జిల్లాకు ఏం వచ్చిందని మా చిన్నాయన అడిగితే, బావ "మీ వాడు ఏం చేసినాడు?" అంటాడు. చిన్నాయన "మీ వాడు ఏం చేసినాడు?" అంటాడు. అడగాల్సిన మూడో మనిషి మ్యూట్‌లో హాయిగా ఉంటాడు. కందకాల్లో సిపాయిల మాదిరి ఒక్క రోజన్నా తుపాకులు దించి, ఇద్దరూ కలిసి ఒకే వైపు చూడొచ్చు కదా.

పాట 3: డూ యూ హియర్ వాట్ ఐ హియర్

పేరు వింటే పిల్లల పాటనుకుంటారు. ఇది 1962 అక్టోబరులో పుట్టింది. క్యూబాలో రష్యా క్షిపణులు, ఎదురుగా అమెరికా నౌకలు, ఏ నిమిషానైనా అణుయుద్ధం. అప్పుడు న్యూయార్క్‌లో ఉండే నోయెల్ రెగ్నీ, గ్లోరియా షేన్ అనే భార్యాభర్తలు దీన్ని తయారుచేశారు. మాటలు ఆయనవి, ట్యూన్ ఆమెది. మరుసటి ఏడు బింగ్ క్రాస్బీ పాడాక ఇంటింటి పాట అయింది. చిన్నవాళ్లు విన్న మాట చివరికి రాజు చెవిన పడడం, రాజు శాంతిని కోరడం, ఇదీ అందులో కథ.

చీవాటు: అణువు అంటే మాకు దూరమేమీ కాదు. తుమ్మలపల్లె యురేనియం గని మా నియోజకవర్గంలోనే, వేముల మండలంలో ఉంది. నడిపేది యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. అంటే కేంద్ర సంస్థ. అణుశక్తి శాఖ ప్రధానమంత్రి చేతిలో ఉండే శాఖ. ఖనిజం తీసుకున్నాక మిగిలిన వ్యర్థాన్ని నింపే చెరువు కె.కె. కొట్టాల దగ్గర ఉంది. బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి చెట్లు మాడిపోయాయని, ఒంటికి దద్దుర్లు వస్తున్నాయని ఆ చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. సంస్థేమో మా వల్ల కాదంటుంది. కమిటీలు వస్తాయి, శాంపిళ్లు పట్టుకుపోతాయి.

ఆ పాటలో చిన్నోడి మాట ఒక రాత్రిలో రాజును చేరింది. మా కొట్టాల మాట ఢిల్లీ చేరడానికి ఎన్ని రాత్రులు కావాల? దేశానికి కరెంటు కావాల్సిందే, కాదనడం లేదు. నీళ్ల పరీక్ష రిపోర్టు తెలుగులో రాసి ఊరి సచివాలయం గోడకు అంటించండి అంటే, అదేమన్నా దేశద్రోహమా?

పాట 4: హ్యాపీ క్రిస్మస్, వార్ ఈజ్ ఓవర్

జాన్ లెనన్, యోకో ఓనో పాట, 1971. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు. పాటకు రెండేళ్ల ముందే, 1969 డిసెంబరులో, ఈ జంట న్యూయార్క్, లండన్ లాంటి పెద్ద నగరాల్లో పెద్ద పెద్ద బోర్డులు పెట్టించారు. జనం గట్టిగా కోరుకుంటే యుద్ధం ముగిసినట్టే అని వాటి సారాంశం. ముందు బోర్డు వచ్చింది, తర్వాత పాట వచ్చింది, 1975కు యుద్ధం నిజంగానే ముగిసింది.

చీవాటు: బోర్డుల విషయంలో మా జమ్మలమడుగును మించిన ఊరు లేదు. కడప ఉక్కు ఫ్యాక్టరీ శిలాఫలకాలు లెక్కపెడదాం రండి. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేతుల మీద బ్రహ్మణి స్టీల్స్‌కు ఒకటి. ఆ కంపెనీ యజమాని గాలి జనార్దన్ రెడ్డి 2011లో మైనింగ్ కేసులో అరెస్టయ్యాడు, కథ ముగిసింది. 2018 డిసెంబరు 27న మైలవరం మండలం కంబాలదిన్నెలో చంద్రబాబు ఒకటి వేశారు. 2019 డిసెంబరు 23న సున్నపురాళ్లపల్లెలో జగన్ ఒకటి వేశారు, మూడేళ్లలో ఫ్యాక్టరీ అన్నారు. 2023 ఫిబ్రవరి 15న అదే సున్నపురాళ్లపల్లెలో జేఎస్‌డబ్ల్యూతో కలిసి ఇంకొకటి. నాలుగింట్లో రెండు క్రిస్మస్ వారంలోనే పడ్డాయి చూడండి. మాకు క్రిస్మస్ తాత చిమ్నీలోంచి రాడు, హెలికాప్టర్లో వస్తాడు. గిఫ్టు డబ్బా ఇస్తాడు, విప్పితే లోపల రాయి ఉంటుంది.

మరి ఇందులో ఢిల్లీ ఎక్కడుంది? మొదటి నుంచీ ఉంది. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్లో స్పష్టంగా రాసి ఉంది. వైఎస్సార్ జిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారం సాధ్యమవుతుందో లేదో సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని. గమనించారా, "కట్టాలి" అని లేదు, "పరిశీలించాలి" అని ఉంది. ఆ ఒక్క మాటలోంచి పదేళ్లకు పైగా జారిపోయారు. 2018లో సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో సాధ్యం కాదన్న సెయిల్ నివేదికనే కేంద్రం చూపించింది. ఆ ఏడు జూన్‌లో టీడీపీ ఎంపీ సీఎం రమేష్ కడపలో కేంద్రం మీద 11 రోజులు దీక్ష చేశారు. మరుసటి ఏడు అదే కేంద్రాన్ని ఏలే పార్టీలో చేరిపోయారు. ఇప్పుడు అనకాపల్లి బీజేపీ ఎంపీ. దీక్షలో ఆయనకు నిమ్మరసం ఇచ్చి విరమింపజేశారు. ఉక్కు కోసం ఎదురుచూస్తున్న మాకు ఇప్పటికీ ఎవరూ నిమ్మరసం ఇవ్వలేదు.

2025లో జేఎస్‌డబ్ల్యూ ప్రాజెక్టుకు రాష్ట్ర ప్రభుత్వం మళ్లీ పచ్చజెండా ఊపింది. మంచిదే. పొగ గొట్టం కనిపించిన రోజు ఈ కాలమ్‌లోనే చప్పట్లు కొడతా. అందాకా ఐటీఐ చదివిన మా పిల్లోళ్లు బెంగళూరు బస్సు ఎక్కుతూనే ఉంటారు. పండక్కి ఊరికి రావాలంటే ప్రైవేటు బస్సు టికెట్టు ధర చూసి "ఈసారికి వీడియో కాల్ చేస్తాలే మా" అంటూనే ఉంటారు. ఉక్కు ఫ్యాక్టరీ అంటే పేపర్లో కోట్ల లెక్క కావచ్చు. మా ఇళ్లల్లో మాత్రం అది పండగ పూట ఖాళీగా ఉండే ఒక కంచం.

పాట 5: నరసింహారెడ్డి పాట

ఇది క్రిస్మస్ పాట కాదు. ఇంకో మూడు వారాల్లో సంక్రాంతి వస్తుంది కాబట్టి ముందే పెడుతున్నా. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నేలను రేనాడు అంటారు. ఆ నేల మీద ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాటలు తరతరాలుగా జనం నోళ్లలో తిరిగాయి. కంపెనీ సర్కారు మీద 1846లో తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. భయపెట్టడానికి తలను కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీశారు. తలను చూసి భయపడాల్సిన జనం పాట కట్టుకున్నారు. 2019లో "సైరా" సినిమా వచ్చింది గానీ, అంతకు ముందు వందేళ్లకు పైగా ఆ పేరును కాపాడింది ఏ నిర్మాతా కాదు, పాడుకునే పల్లెజనమే.

చీవాటు: ఇది ఢిల్లీకి కాదు, మనకు. ఇప్పుడు ప్రతి పార్టీకీ డీజే పాట ఉంది. బీట్ బాగుంటుంది, నేనూ కాలు కదిపా. కానీ ఆ పాటల్లో నాయకుడే ఉంటాడు, ఊరు ఉండదు. కొట్టాల బోరు మీద పాట ఏది? సున్నపురాళ్లపల్లె రాయి మీద పాట ఏది? రీల్ చేయడానికి ముప్పై సెకండ్లు చాలు, ఫోను మీ జేబులోనే ఉంది. చెక్కభజన కట్టే తాతలు ఇంకా ఊళ్లల్లో ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని రెండు చరణాలు కట్టించండి.

భయమా? 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. నచ్చని పోస్టు పెట్టారని ఆ సెక్షన్ కింద కేసు పెట్టడానికి ఇప్పుడు వీల్లేదు. అట్లాగని వేరే సెక్షన్లు లేవని కాదు. రాష్ట్రంలో ఎవరు గద్దె మీదున్నా అవతలి వాళ్ల పోస్టుల మీద కేసులు పడుతూనే ఉన్నాయి. అందుకే మా గ్రూపుకు నేను మూడు రూల్స్ రాసిచ్చా, మీకూ పనికొస్తాయి. ఒకటి, పని గురించి తిట్టు, పుట్టుక గురించి కాదు. కులం, మతం, ఇంటి ఆడవాళ్లు జోలికి పోవద్దు. రెండు, తేదీ, ఊరు, అంకె లేని కోపాన్ని ఫార్వర్డ్ చేయొద్దు. మూడు, ఒక చీవాటు పెడితే దానికి ముందు ఒక పాట పెట్టాలి.

మూడో రూలు చూసి అక్క ఒప్పుకుంది. చిన్నాయనే ఇబ్బంది పడుతున్నాడు పాపం. ఆయన దగ్గర చీవాట్లు చాలా ఉన్నాయి, పాటలే చాలడం లేదు. మీ దగ్గరుంటే పంపండి. క్రిస్మస్ శుభాకాంక్షలు!